2024లో మ్యాజిక్ కీ రేటు మళ్ళీ పెరిగింది: నలుగురికీ రెన్యూ చేయాలా, ఆపేయాలా?

నలుగురి_కీ
కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ ఏడాది పాస్ అయిన మ్యాజిక్ కీ రేట్లు ఈ 2024 అక్టోబరులో మళ్ళీ పెంచారు. కింది నుంచి పైకి నాలుగు రకాలు: ఇమాజిన్ 499 నుంచి 599, ఎన్‌చాంట్ 849 నుంచి 974, బిలీవ్ 1,249 నుంచి 1,374, ఇన్‌స్పైర్ 1,649 నుంచి 1,749 డాలర్లు. ఇంట్లో ఇద్దరు పెద్దలం, 11 ఏళ్ళ అబ్బాయి, 6 ఏళ్ళ పాప. నలుగురికీ ఎన్‌చాంటే. అంటే 3,396 కాస్తా 3,896 అయింది. ఏడాదికి 8 లేదా 9 సార్లు వెళ్తాం, ఎక్కువగా స్కూలు సెలవున్న వారం మధ్య రోజుల్లో. గడువు నవంబరు చివర్లో అయిపోతుంది. రెన్యూ చేయాలా, ఇమాజిన్‌కి దిగాలా, ఒక ఏడాది మానేయాలా? లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి.

అనహైమ్అక్క
ఆ 500 డాలర్లు పెరగడమే బాధ అనుకోకు తమ్ముడూ. ఏ కీకి ఎంత శాతం పెరిగిందో చూడు. ఇమాజిన్ 20 శాతం, ఎన్‌చాంట్ దాదాపు 15, బిలీవ్ 10, ఇన్‌స్పైర్ 6. కింది మెట్టు మీద నిలబడ్డవాళ్ళ మీదే బరువంతా పడింది.

లెక్కల_మాస్టారు
అక్క చెప్పింది ఒక్క ఏడాది లెక్క. 2021 ఆగస్టులో మ్యాజిక్ కీ మొదలైనప్పటి నుంచి తీస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇమాజిన్ 399 నుంచి 599. సరిగ్గా 50 శాతం.
ఎన్‌చాంట్ 649 నుంచి 974. అదీ 50 శాతమే.
బిలీవ్ 949 నుంచి 1,374. దాదాపు 45 శాతం.
అన్నిటికన్నా పై కీ (అప్పుడు డ్రీమ్, ఇప్పుడు ఇన్‌స్పైర్) 1,399 నుంచి 1,749. 25 శాతం.

ఇదే కాలంలో అమెరికాలో ధరల సూచీ పెరిగింది సుమారు 15 శాతం. కాబట్టి "అన్నీ పెరుగుతున్నాయి, ఇదీ పెరిగింది" అన్న మాట ఇక్కడ అతకదు.

ఇర్వైన్_ఇంజనీర్
ఒక రోజు టికెట్ కూడా పెరిగింది కదా మాస్టారూ, కీ ఒక్కటే కాదు.

లెక్కల_మాస్టారు
పెరిగింది, కానీ పై కొస మాత్రమే. అన్నిటికన్నా రద్దీ రోజు టికెట్ 194 నుంచి 206 అయింది. అన్నిటికన్నా ఖాళీ రోజుది 104 దగ్గరే ఉంది, కొన్నేళ్ళుగా అక్కడే ఉంది. అసలు కిటుకంతా ఇక్కడే. ఇమాజిన్ కీతో లోపలికి వెళ్ళగలిగేది ఎక్కువగా ఆ చవక రోజుల్లోనే. చవక రోజు టికెట్ పెరగకుండా, చవక రోజుల కీ మాత్రం 20 శాతం పెరిగింది. ఎప్పుడైనా కీని 206తో పోల్చకండి, ఆ కీ పనిచేసే రోజుల టికెట్ రేటుతో పోల్చండి.

చుర్రోచిన్నోడు
క్లాసు మొదలైంది, అందరూ నోట్సులు తీయండి 😄

పాతపాస్_మనిషి
పాత రోజులు చూడనివాళ్ళ కోసం. 2015 అక్టోబరు వరకు పై పాస్ ప్రీమియం, 779 డాలర్లు. ఆ నెలలో దాన్ని తీసేసి రెండు ముక్కలు చేశారు: సిగ్నేచర్ 849, సిగ్నేచర్ ప్లస్ 1,049. వెయ్యి డాలర్లు దాటడం అదే మొదలు. 2019 జనవరికి సిగ్నేచర్ ప్లస్ 1,399 అయింది, ఆ మే 31న పార్కులో స్టార్ వార్స్ గెలాక్సీస్ ఎడ్జ్ అనే కొత్త విభాగం తెరిచారు. 2020 ఫిబ్రవరికి 1,449.

అయితే అప్పట్లో సిగ్నేచర్ ప్లస్‌కి బ్లాక్ రోజు (పాస్ ఉన్నా లోపలికి రానివ్వని రోజు) అంటూ లేదు. ఏ రోజు వస్తామో ముందే బుక్ చేసుకునే రిజర్వేషన్ లేదు. పొద్దున్నే బుద్ధి పుడితే బయల్దేరడమే. పెద్ద క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ అందరికీ ఉచితం, పైగా దాన్ని ఫోన్‌లోనే తీసుకునే మ్యాక్స్‌పాస్ కూడా ఆ పాస్‌లోనే కలిసి వచ్చేది. 2024లో 1,749 కట్టినా డిసెంబరు 21 నుంచి జనవరి 1 దాకా గేటు మూసే ఉంటుంది. ఫాస్ట్‌పాస్ బదులు వచ్చిన లైట్నింగ్ లేన్ కావాలంటే వేరే డబ్బు. ముందే కొంటే రోజుకి మనిషికి 32 డాలర్ల నుంచి మొదలు.

1,049ని 2015 నుంచి ద్రవ్యోల్బణంతో పెంచితే 2024లో 1,390 దగ్గర ఆగుతుంది. మిగతా 360 దేనికి కడుతున్నామో నాకు అర్థం కాదు. ఇచ్చేది తగ్గింది, తీసుకునేది పెరిగింది.

ఇర్వైన్_ఇంజనీర్
పార్కుకి జనం పట్టే హద్దు ఒకటుంటుంది. పాస్ ఉన్నవాళ్ళు సాయంత్రం ఆరుకి వచ్చి ఒక రైడ్ ఎక్కి, బాణసంచా చూసి వెళ్ళిపోతారు. ఎక్కడి నుంచో జీవితంలో ఒకసారి వచ్చిన కుటుంబం హోటలు, భోజనం, బొమ్మలు అన్నీ కొంటుంది. కంపెనీ వైపు నుంచి చూస్తే ధర పెంచి తాకిడి తగ్గించడం తప్ప దారేముంది? రద్దీ తగ్గితే మనకీ మంచిదే.

పాతపాస్_మనిషి
ఆ మాట కంపెనీయే బయటపెట్టింది. 2022 ఆగస్టులో త్రైమాసిక ఫలితాలు చెబుతూ డిస్నీల్యాండ్‌లో వచ్చే జనం కలయిక "అనుకూలంగా లేదు" అనే అర్థం వచ్చే మాట వాడారు. పాస్ ఉన్నవాళ్ళ వాటా ఎక్కువైందని దాని సారాంశం. ఆ తర్వాత అభిమానులు "అననుకూల" అని రాసున్న టీషర్టులు వేసుకుని పార్కుకి వెళ్ళారు. ముప్ఫై నలభై ఏళ్ళుగా వస్తున్నవాళ్ళకి ఆ ఒక్క మాట ధర కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

అనహైమ్అక్క
@ఇర్వైన్_ఇంజనీర్ రద్దీ తగ్గించడానికి రిజర్వేషన్ పద్ధతి ఉంది కదా. ఏ రోజు ఎంతమంది కీవాళ్ళు రావాలో వాళ్ళే నిర్ణయిస్తారు. కుళాయి వాళ్ళ చేతిలోనే ఉన్నప్పుడు రద్దీ పేరు చెప్పి ధర పెంచడం ఎందుకు? రెండూ ఒకేసారి వాడుతున్నారు, నా అభ్యంతరం అదీ.

ఇర్వైన్_ఇంజనీర్
ఒప్పుకుంటాను. రిజర్వేషన్ ఉన్నాక రద్దీ వాదన బలహీనమే. ఆదాయం వాదన మాత్రం నిలబడుతుంది.

శనివారం_సవారీ
ఎందుకింత చర్చ? ఇన్‌స్పైర్ తీసుకుంటే బ్లాక్ రోజులే ఉండవు, హాయిగా ఉండొచ్చు.

రిజర్వేషన్_వేటగాడు
తప్పు బ్రో. పైన పాతపాస్ గారు రాశారు చూడు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా 12 రోజులు బ్లాక్. బ్లాక్ లేని రోజైనా రిజర్వేషన్ దొరికితేనే ప్రవేశం. "బ్లాక్ లేదు", "స్లాట్ ఉంది" రెండూ వేర్వేరు సంగతులు. డ్రీమ్ కీ గొడవంతా దీని మీదే. బ్లాక్ రోజులు లేవని అమ్మారు, తీరా చూస్తే రోజు టికెట్ కొనేవాళ్ళకి ఖాళీ ఉన్న తేదీలు కీవాళ్ళకి నిండిపోయినట్టు చూపించాయి. 2021 చివర్లో దావా పడింది. 2023లో 95 లక్షల డాలర్లకి రాజీ అయింది. తప్పు చేశామని కంపెనీ ఒప్పుకోలేదు. లక్షమందికి పైగా డ్రీమ్ కీ ఉన్నవాళ్ళు ఆ రాజీ కిందికి వచ్చారు, తలకి 70 డాలర్ల లోపే.

చుర్రోచిన్నోడు
70 డాలర్లంటే రెండు రోజుల పార్కింగ్.

రిజర్వేషన్_వేటగాడు
2024లో 35 కాబట్టి సరిగ్గా రెండు రోజులే 🙂

అడిగారు కాబట్టి కాదు గానీ, రిజర్వేషన్ సంగతి తెలియకుండా ఏ కీ కొనాలో తేల్చలేరు. అందుకే రాస్తున్నాను.

ఒకేసారి చేతిలో ఉంచుకోగలిగిన రిజర్వేషన్లు (2024లో): ఇన్‌స్పైర్ 6, బిలీవ్ 6, ఎన్‌చాంట్ 4, ఇమాజిన్ 2. 90 రోజుల ముందు నుంచి తేదీలు తెరుచుకుంటాయి. ఒకటి వాడేశాక ఆ ఖాళీలో ఇంకొకటి వేసుకోవచ్చు. ఇమాజిన్‌కి రెండే కాబట్టి మూడు నెలల తర్వాతి తేదీ ఒకటి పట్టి ఉంచితే, ఈ మధ్యలో వాడుకోవడానికి ఒక్కటే మిగులుతుంది. ఈ ఇరుకు కొనేముందు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

వెళ్ళడం కుదరకపోతే ముందు రోజు రాత్రి 11:59 లోపు రద్దు చేయాలి. చేయకుండా మానేస్తే నో-షో. 90 రోజుల్లో మూడు నో-షోలు పడితే 30 రోజులు కొత్త రిజర్వేషన్ చేయనివ్వరు. నలుగురి పేర్లు ఒకే బుకింగ్‌లో ఉండి ఒక్కరే రాకపోయినా ఆ ఒక్కరి ఖాతాలో నో-షో పడుతుంది. పాపకి జ్వరం వచ్చి తల్లి ఇంట్లో ఉండిపోతే, ఆ ఇద్దరి పేర్లే విడిగా తీసేయాలి. మొత్తం బుకింగ్ రద్దు చేయక్కర్లేదు.

ఆ 11:59 గడువు వల్లే రాత్రి పది నుంచి పన్నెండు మధ్య స్లాట్లు రాలతాయి. నిండిపోయిన తేదీ కావాలంటే ముందు రోజు ఆ రెండు గంటలూ యాప్‌లో చూస్తూ ఉండాలి. డిస్నీల్యాండ్ పార్క్ దొరక్కపోతే పక్కనే ఉన్న రెండో పార్కు కాలిఫోర్నియా అడ్వెంచర్ చూడండి. అన్ని కీలకీ హాపర్ ఉంది, ఉదయం 11 దాటాక పక్క పార్కులోకి మారొచ్చు. చాలామంది మొదటి పార్కు నిండిందని చూసి ఆ రోజే వదిలేస్తారు.

శనివారం_సవారీ
సారీ, బ్లాక్ రోజుల సంగతి పొరపాటున రాశాను. నో-షో మనిషి మనిషికీ వేరుగా పడుతుందని కూడా ఇప్పుడే తెలిసింది.

లెక్కల_మాస్టారు
@నలుగురి_కీ ఇక మీ లెక్క.

కీ కాకుండా ఇంకో దారి ఉంది: దక్షిణ కాలిఫోర్నియా వాసులకి ఏడాది మొదట్లో ఇచ్చే 3 రోజుల టికెట్. 2024లో వారం మధ్య రోజులకి 225 డాలర్లు, అంటే రోజుకి 75. హాపర్ ఉండదు, రోజుకి ఒకే పార్కు. మూడు రోజులూ వరసగా వాడక్కర్లేదు.

ఎన్‌చాంట్ 974. అందులోంచి 225 తీస్తే 749. మీరు 8 సార్లు వెళ్తే మూడు ఆ టికెట్‌తో అయిపోతాయి, ఇంకా ఐదు. 749ని 5తో భాగిస్తే 150 చొప్పున. 150 లోపు రేటున్న రోజులే ఎంచుకుంటే ఎనిమిది సార్లకి టికెట్లే చవక. తొమ్మిది సార్లు వెళ్తే, ఆ మిగతా ఆరు రోజుల సగటు రేటు 125 దాటితే కీ గెలుస్తుంది. హాపర్ తప్పకుండా వాడేవాళ్ళయితే ఏడో సారి దగ్గరే గెలవచ్చు.

ఇమాజిన్‌కి: 599లోంచి 225 పోతే 374. ఖాళీ రోజుల టికెట్లతో మూడు సార్లు. అంటే ఆరు దాటితే కీ.

మీరు 8 లేదా 9 అన్నారు, సరిగ్గా గట్టు మీద నిలబడ్డారు. పోయిన ఏడాది యాప్‌లో పాత బుకింగులు తీసి, నలుగురిలో ఎవరు ఎన్నిసార్లు వెళ్ళారో విడివిడిగా రాసుకోండి. కుటుంబం మొత్తానికి ఒకే అంకె వేస్తే లెక్క తప్పుతుంది.

అనహైమ్అక్క
మాస్టారి లెక్కకి ఇంకొకటి కలుపుతాను. కీకి పిల్లల రేటు లేదు. మూడేళ్ళు దాటిన పిల్లకీ పెద్దవాళ్ళకీ ఒకటే 974. కానీ రోజు టికెట్‌కి 3 నుంచి 9 ఏళ్ళ వారికి కొంచెం తక్కువ, ఖాళీ రోజు 98. పైగా 2024 జనవరి నుంచి మార్చి మొదటి వారం దాటేదాకా పిల్లల ఒక రోజు టికెట్ 50 డాలర్లకే ఇచ్చారు. కాబట్టి ఆరేళ్ళ పాపకి కీ కొనడం అన్నిటికన్నా దండగ. మూడు రోజుల టికెట్ 225, ఇంకో ఐదు రోజులు 98 చొప్పున 490, మొత్తం 715. కీ కన్నా 259 తక్కువ.

11 ఏళ్ళ బాబుకి ఇది పనిచేయదు, పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ టికెట్టే.

నలుగురి_కీ
పాపకి వేరే లెక్క ఉంటుందని తట్టనే లేదు అక్కా. మరి పార్కింగ్?

అనహైమ్అక్క
పార్కింగ్ కారుకి ఒకటే, మనిషికి కాదు. ఇన్‌స్పైర్‌లో ఉచితం, బిలీవ్‌లో సగం. ఇంట్లో అందరూ పై కీ తీసుకోవడం శుద్ధ దండగ. ఎక్కువసార్లు వెళ్ళే ఒక్కరు తీసుకుంటే చాలు. బిల్లు కూడా ఆ ఒక్కరే కడితే తిండి మీద, బొమ్మల మీద ఎక్కువ డిస్కౌంట్ కుటుంబం మొత్తానికి వచ్చినట్టే.

లెక్కల_మాస్టారు
దానికీ హద్దు ఉంది. బిలీవ్‌కి ఇన్‌స్పైర్‌కి తేడా 375. ఒకసారి పార్కింగ్‌లో మిగిలేది 17.50. పార్కింగ్ కోసమే అయితే 22 సార్లు వెళ్ళాలి. 12 సార్లు వెళ్తే 210 తిరిగొస్తుంది, ఇంకా 165 రావాల్సి ఉంటుంది. తిండి మీద 15కి 10కి తేడా 5 శాతం, బొమ్మల మీద 20కి 10కి తేడా 10 శాతం. ఆ 165 రాబట్టాలంటే తిండి ఒక్కటే అయితే 3,300 డాలర్లది తినాలి, బొమ్మలే అయితే 1,650వి కొనాలి. డిస్కౌంట్ ఉంది కదా అని అవసరం లేనివి కొంటే ఈ లెక్కంతా గాలికి పోతుంది.

ఫ్లోరిడాశీను
ఇక్కడ వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోనూ ఇదే వరస. పై పాస్ ఇన్‌క్రెడి-పాస్ 2021లో 1,299, 2024లో 1,549. ఫ్లోరిడా వాసులకి మాత్రమే ఇచ్చే పిక్సీ డస్ట్ 399 నుంచి 469. మీ ఇమాజిన్ 50 శాతం పెరిగితే మా కింది పాస్ పెరిగింది దాదాపు 18 శాతమే. ఇంకో తేడా, 2024 జనవరి నుంచి కొన్ని రోజులకి పాస్ ఉన్నవాళ్ళు రిజర్వేషన్ లేకుండానే రావచ్చు. ఏ రోజులో క్యాలెండర్‌లో ముందే చూపిస్తారు.

శనివారం_సవారీ
ఆ రిజర్వేషన్ లేని రోజులు ఇక్కడ కూడా పెడితే ధర గురించి సగంమంది నోరెత్తరు.

పాతపాస్_మనిషి
నిజం. నా దృష్టిలో డబ్బు రెండో సంగతి. పాస్ అంటే మనసు పుట్టినప్పుడు వెళ్ళగలగడం. అది పోయాక మిగిలింది ముందే డబ్బు కట్టిన టికెట్ల కట్ట.

వేలి_బెత్తెడు
అందరం ఒక ఏడాది రెన్యూ చేయకుండా ఆగితే వాళ్ళే దిగొస్తారు.

ఇర్వైన్_ఇంజనీర్
దిగిరారు. కీ అమ్మకాలు వాళ్ళే ఎన్నోసార్లు ఆపేస్తున్నారు. 2021లో డ్రీమ్ కీ దాదాపు రెండు నెలల్లోనే అయిపోయింది. 2022 ఆగస్టులో పాతవాళ్ళ రెన్యువల్ మాత్రమే తెరిచారు, కొత్తవాళ్ళకి నవంబరు దాకా ఇవ్వలేదు. అమ్మకం ఆపుకునే స్థితిలో ఉన్నవాళ్ళు మనం కొనకపోతే భయపడరు.

వేలి_బెత్తెడు
ఇంకో వినోద పార్కుల కంపెనీ సిక్స్ ఫ్లాగ్స్‌లో ఏమైందో చూడండి మరి. 2022లో డిస్కౌంట్లు కోసేసి, చవక పాస్‌లు తీసేసి, తక్కువమంది వచ్చినా ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్ళు కావాలన్నారు. ఆ ఏడాది జనం 2 కోట్ల 77 లక్షల నుంచి 2 కోట్ల 5 లక్షలకి పడిపోయారు. 26 శాతం. 2023లో సర్దుకున్నా 2 కోట్ల 22 లక్షల దగ్గరే ఆగారు. పాస్ వదిలేసినవాళ్ళు అంత తేలిగ్గా తిరిగిరారు.

ఇర్వైన్_ఇంజనీర్
ఇది మంచి ఉదాహరణ, కాదనను. కానీ అక్కడ పాస్ వదిలినవాళ్ళ చోటు నింపడానికి దూరం నుంచి వచ్చే జనం లేరు. అనహైమ్‌కి ఉన్నారు. ఆ తేడా వల్లే ఇక్కడ ధైర్యంగా పెంచుతున్నారు.

అనహైమ్అక్క
ఊరివాళ్ళు అక్కర్లేదనుకుంటే 2020 గుర్తు తెచ్చుకోవాలి. మార్చి 14న మూసిన పార్కు 2021 ఏప్రిల్ 30న తెరిచినప్పుడు మొదట లోపలికి రానిచ్చింది కాలిఫోర్నియా వాసుల్నే. విమానాలు ఎక్కి వచ్చేవాళ్ళు లేని రోజుల్లో గేటు ముందు నిలబడ్డది మనవాళ్ళే.

పాతపాస్_మనిషి
👏 ఈ మాట ఎవరో ఒకరు అనాలి.

రిజర్వేషన్_వేటగాడు
నెలవారీ వాయిదాల గురించి ఎవరూ రాయలేదు. కాలిఫోర్నియా వాసులకి కొంత ముందు కట్టి మిగతాది 12 నెలలు, వడ్డీ లేదు. నెలకి ఇంతే కదా అనిపిస్తుంది, పెరుగుదల నొప్పి తెలియకపోవడానికి అదే కారణం. కానీ అది నెలవారీ చందా కాదు, ఏడాది ఒప్పందం. ఆరు నెలల తర్వాత వెళ్ళడం మానేసినా మిగతా ఆరు వాయిదాలూ కట్టాల్సిందే. కార్డు గడువు మారిపోయి ఒక వాయిదా ఆగితే పాస్ కూడా ఆగొచ్చు. కొత్త కార్డు రాగానే ముందు అక్కడ మార్చండి.

ఇంకొకటి. ఏడాది మధ్యలో పై కీకి మారొచ్చు, తేడా కడితే చాలు. కింది కీకి దిగడం మాత్రం రెన్యువల్ అప్పుడే. కాబట్టి అనుమానంగా ఉంటే కింది కీతో మొదలుపెట్టండి.

కొత్తకీ_కుమారి
ముందు ఒక రోజు టికెట్ కొని వెళ్ళి, నచ్చితే అదే రోజు దాన్ని కీగా మార్చుకోవచ్చా?

రిజర్వేషన్_వేటగాడు
మార్చుకోవచ్చు, టికెట్ విలువ తీసేసి మిగతాది కడతారు. బయటికి వచ్చేసే ముందే అడగాలి. ఆ రోజు ఆ కీ అమ్మకంలో ఉంటేనే. ఇమాజిన్ అయితే 90000 నుంచి 93599 మధ్య జిప్ కోడ్ ఉన్న అడ్రస్ రుజువు కావాలి.

నలుగురి_కీ
యాప్‌లో పాత బుకింగులు తీశాను. నేను 9, మా ఆవిడ 9, బాబు 8, పాప 6. 17 తేదీల్లో పెట్టి సగం రద్దు చేశాం, అందుకే ఎక్కువసార్లు వెళ్ళినట్టు అనిపించింది. ఇద్దరు పెద్దలకీ ఎన్‌చాంట్ రెన్యూ చేస్తాను. పాపకి టికెట్లే. బాబు సంగతి తేలలేదు.

లెక్కల_మాస్టారు
బాబు వెళ్ళిన ఆ 8 తేదీలూ ఇమాజిన్ క్యాలెండర్‌లో పెట్టి చూడండి. ఆరింటికి మించి తెరిచి ఉంటే ఇమాజిన్ తీసుకోండి, 375 మిగులుతుంది. తగ్గితే మూడు రోజుల టికెట్.

నలుగురి_కీ
చూశాను. ఏడు తెరిచి ఉన్నాయి, థాంక్స్‌గివింగ్ వారంలోది ఒక్కటే బ్లాక్. బాబుకి ఇమాజిన్.

రిజర్వేషన్_వేటగాడు
బాబు చేతిలో రెండే రిజర్వేషన్లు ఉంటాయి, మీ ఇద్దరికీ నాలుగు. బుక్ చేసేటప్పుడు ముందు బాబు తేదీ దొరికిందో లేదో చూసి, ఆ తర్వాతే మీవి వేయండి. పాపకి కొనే టికెట్‌కి కూడా ఆ తేదీకి రిజర్వేషన్ ఉండాలి, మర్చిపోకండి.